రాజుగారు తినని పులిహోర

సింహాద్రి అప్పన్న స్వామికి కోటి దండాలు. నోరిచ్చిన తండ్రే దాన్ని ఎప్పుడు మూసుకోవాలో కూడా నేర్పుతాడు, కాస్త ఆలస్యంగా. మీరూ నాతోపాటు ఒక్కసారి "నారాయణ" అనండి. అన్నారా? మంచిది. ఇక నేను నిండు సభలో విషం పెట్టేవాడినని పేరు తెచ్చుకున్న వైనం వినండి.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. గీత మొత్తం నోటికి వచ్చు కాబట్టి లోకం కూడా నోటికి వచ్చనుకునేవాణ్ణి. మేముండే మలాయ్ దేశపు ఊరు సుంగై పెటాని మైదానంలో పాత కడారం రాజుల కాలపు వేషాలతో ఒక వేడుక పెట్టారు. కత్తులు, కిరీటాలు, మధ్యలో వంటల పోటీ. ఆ కాలపు వంటే చెయ్యాలి. మిరపకాయ, టమాటా అప్పటికి ఈ దేశం చూడలేదు కనుక పనికిరావు. గెలిస్తే పెద్ద కంచు గుండిగ ఇస్తారు. మా భజన మండలి గుండిగ అడుగంతా చిల్లులకు వేసిన మాట్లే. అన్నదానం నాడు సగం సాంబారు అగ్నిహోత్రుడే ఆరగించేవాడు. అందుకని మా వదినా నేనూ పేర్లిచ్చాం.

"రూల్సు సదివినావా మరిదీ?"

"గీత సదివినోడికి రూల్సొక లెక్కా వదినా!"

పోటీ నాడు ఏకాదశి పడింది. ఏకాదశికి మేం మెతుకు ముట్టం. అయితేనేం, వండి పెట్టడానికి అడ్డేముంది? మిరియాల పులిహోర కలిపాం. నైవేద్యానికి ముందు వాసన చూడకూడదని ముక్కు అటు తిప్పుకొని మరీ కలిపాను. తువ్వాలు అడ్డంపట్టి, తులసిదళం వేసి, స్వామికి నివేదించాం.

అంతలో రుచి చూసి మార్కులు వేసే రాజు వచ్చాడు. నిజానికి ఆయన మలాయ్ బడిలో మాస్టారు, అందరూ చిక్‌గు అంటారు. ఆ పూట మాత్రం కిరీటం, పట్టుబట్ట, వెనక బల్లేల భటులు.

"ముందు నువ్వు తిను" అన్నాడు. "రాజుకి విషం పెట్టలేదని వంటవాడే తిని చూపించాలి. రూల్ లా." మాట చివర "లా" తగిలించడం ఇక్కడివాళ్ళ ఊతపదం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇచ్చారు, రూలు ఇవ్వలేదు.

"ఈరోజు మాకు ఉపవాసం చిక్‌గు. తినకూడదు."

"ఒక్క ముద్దే లా!"

"ఒక్క మెతుకు కూడా కుదరదు."

"ఆ అక్కని తినమను."

"ఆమెకూ ఉపవాసమే."

"మరి ఎవరు తినాలి?"

"మీరే."

"మీరేం చేస్తారు?"

"పక్కన నిలబడి చూస్తాం."

వదిన నా చొక్కా లాగింది. "అలాగనకు మరిదీ, ఇనేవోడికి ఏటనిపిస్తాది!"

నేను ఆగితేగా! జనం చుట్టూ మూగేసరికి నాలోని ప్రవచనకారుడు నిద్రలేచాడు. చెయ్యెత్తి ప్రహ్లాదుడి కథ అందుకున్నాను. "భయపడకండి! తండ్రి విషం పెట్టించినా ఆ పిల్లాడికి ఏమీ కాలేదు. భక్తితో తింటే విషమైనా అమృతమే!"

రాజు చేతిలోని పులిహోర ఆకు కింద పెట్టేశాడు.

"రాచున్! రాచున్!" అని కేక లేచింది. మలాయ్‌లో విషమని. చెక్క బల్లేలతో భటులు నన్ను వెదురు పంజరంలోకి తోశారు. జనం ఈలలే ఈలలు, ఫోటోలే ఫోటోలు. వదిన బయట నుంచి, "ప్రహ్లాదుణ్ణి ఆ సామి కాసినాడు, నిన్నెవుడు కాస్తాడ్రా!" అంది.

కంచు గుండిగ పక్క పొయ్యి దగ్గర చేపల పులుసు పెట్టిన చీనీ అవ్వకు వెళ్ళింది. ఆ అవ్వ రాజు కంటే ముందే రెండు గిన్నెలు తాగేసిందట.

సాయంత్రం చిక్‌గు పంజరం తలుపు తీశాడు. కిరీటం చంకలో ఉంది, మూతికి పసుపు అంటుకుంది.

"చాలా బాగుందిలే నీ అన్నం. రెండు ఆకులు తిన్నాను."

నా ప్రాణం లేచివచ్చింది. "అయితే మార్కులు, చిక్‌గు?"

"మార్కులు వేసేది రాజు. తిన్నది నేను."

కాబట్టి సకల దేవతల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకపై తిథి చూడకుండా ఏ రాజుకూ వండను. వండినా, విస్తరి ముందు పురాణం విప్పను.