సానమ్మ చెవుల్లో మైనం

కోటవీధిలో సాన పట్టే కొట్టు ఒక్కటే. తండ్రి పోయాక ఆ రాతిచక్రం ముందు ఆమె కూర్చుని ముప్ఫై ఏళ్లు. అసలు పేరు అందరూ మరిచిపోయారు. సానమ్మా అంటేనే పలుకుతుంది, అదీ రెండుసార్లు పిలిస్తే. పని చేస్తున్నంతసేపూ చెవుల్లో మైనం పెట్టుకుంటుంది మరి.

అక్కడ యుద్ధానికో పద్ధతి ఉంది. దొర కత్తికి సానమ్మ సాన పట్టాలి. అంచుకు గోరు ఆనించి చూసి, గుమ్మంలోకొచ్చి "పదునెక్కింది" అనాలి. ఆ మాట పడితేనే సైన్యం కదులుతుంది. ఇప్పటికి పదకొండుసార్లు అంది. పన్నెండోసారి అనాల్సిన పొద్దున మాత్రం ఆమెకు చక్రం ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఈసారి ఈటెల మొదటి వరుసలో ఆమె అల్లుడున్నాడు. వట్టి తిండిపోతు. కూతురికి వాడే లోకం.

ఎప్పుడూ నౌకరు తెచ్చే కత్తిని ఆరోజు దొరే మోసుకొచ్చాడు. డెబ్బై ఏళ్లవాడు, పీట మీద కూలబడ్డాడు.

"మోకాళ్లమ్మా, ఇవి నా మాట వినడం మానేశాయి."

"ఈసారి ఎవరి మీద దొరా?"

"అవతలి ఒడ్డు దొర మీద. ఎదురొచ్చి గుర్రం దిగలేదు. నిండు వీధిలో పరువు తీశాడు." గడ్డం గోక్కున్నాడు. "వాడిదీ నా వయసే. దిగలేదో, దిగలేకపోయాడో!"

సానమ్మ మైనం ఉండ చుట్టింది. దొర ముందుకు వంగాడు.

"అదెందుకు? చక్రం మోతకా?"

ముప్ఫై ఏళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. అవునని తలూపితే పోయేది. కానీ అడిగినవాడి కళ్లు పసిపిల్లాడి కళ్లలా ఉన్నాయి.

"కత్తికి దొరా. రాయి తగిలితే అది మాట్లాడుతుంది. ఎవరి ప్రాణం తీసిందో వాళ్ల ఆఖరి మాటలు చెబుతుంది. ఇది మా ఇంటి గుట్టు."

"అయితే నా పేరే వినపడాలి. నన్ను చూసి శత్రువులు నా పేరే కలవరించారని మావాళ్లు పాటలు కట్టారుగా!"

"మీరే వినండి," అని ఆమె మైనం పక్కన పెట్టి చక్రం తొక్కింది.

నిప్పురవ్వలు లేచాయి. వాటి మధ్యనుంచి ఓ మామూలు గొంతు వచ్చింది: "అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను." ఆ వెనకే ఇంకొకడు: "ఆగు, చెప్పు ఊడింది." మరొకడు: "తమ్ముడూ, నా వెనకే ఉండరా."

"వీళ్లెవరు?" అన్నాడు దొర.

"మీకే తెలియాలి దొరా."

"తెలీదే." ఆయన కత్తి వైపు కొత్తవస్తువును చూసినట్టు చూశాడు. "ఆ పాలు ఎవరైనా దింపారంటావా?"

బయటి నుంచి సేనాపతి కేకేశాడు. "ఏమ్మా, పదునెక్కిందా?"

అంచు ఎప్పుడో తేలింది. ఆమె ఏనాడూ అబద్ధం ఆడలేదు. దొర ముఖంలోకి చూసింది.

"ఇంకా పడితే ఇనుమే అరిగిపోతుంది దొరా."

"అరగనీ. మనం వినడం అయిందా?"

"కాలేదు."

"మరింకేం, పదునెక్కలేదు."

మర్నాడూ వచ్చాడు. పధ్నాలుగు రోజులు వచ్చాడు. ఎండలో కూర్చుని సైన్యానికి విసుగెత్తింది. అల్లుడు మాత్రం మధ్యాహ్నానికల్లా ఇంట్లో వాలేవాడు. "అత్తయ్యా, ఇంకా ఎక్కలేదా? అయితే ఇంకో ముద్ద వడ్డించండి."

పదిహేనో రోజుకు కత్తి వెదురుపుల్లంత సన్నబడింది. చివరి గొంతు ఎవరినో "వానొచ్చేలా ఉంది కదూ?" అని అడిగి ఆగిపోయింది.

"ఒక్కడూ నన్ను తలుచుకోలేదమ్మా."

"లేదు దొరా. ఎవరి పనుల్లో వాళ్లున్నారు."

ఆయన గడప బయట ఆకాశాన్ని చూశాడు. తర్వాత చెయ్యి చాపితే సానమ్మ పట్టుకుని లేపింది. గుమ్మంలో సేనాపతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సెలవివ్వండి దొరా. ఏం చేయమంటారు?"

"అవతలి ఒడ్డుకు మనిషిని పంపు," అన్నాడు దొర. "ఆయన మోకాళ్లు ఎలా ఉన్నాయో అడిగి రమ్మను."