కెమెరా ముందు కూర్చున్న తల్లి

పుంగనూరులో లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరైన రెడ్డెమ్మ గారు పరమపదించారని మొన్న కుప్పంలో, నేను పనిచేసే బడికి ఫోను వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. తర్వాతి పీరియడుకు వెళ్లి హాజరు తీసుకున్నాను. పేర్లు రెండుసార్లు పిలిచానని పిల్లలు చెప్పారు.

పుంగనూరు బడిలో ఆవిడతో తొమ్మిదేళ్లు ఒకే స్టాఫ్ రూములో ఉన్నాను. హెడ్మాస్టరు గారి సుదీర్ఘ ఉపన్యాసాల్లో చెనక్కాయలు ఒలుచుకు తినే ధైర్యం ఆవిడ ఒక్కరికే ఉండేది. పిల్లల లెక్క తప్పితే కొట్టేసేవారు కాదు, తప్పిన మెట్టు కింద గీత గీసేవారు. "తప్పును దాచిపెడితే అది యాడుండాదో ఎవురికీ తెలీదు" అనేవారు.

ఆ రోజుల్లోనే ఆవిడ ఏకైక కుమారుడు మధు ఇంటర్మీడియెట్ తప్పి ఆత్మహత్య చేసుకున్నాడు. మా ప్రాంతంలో పదకొండో రోజున లోకల్ కేబుల్ టీవీలో ఫొటోతో శ్రద్ధాంజలి వేయించడం అప్పటి ఆనవాయితీ. ఆవిడ తమ్ముడు 'అనారోగ్యంతో స్వర్గస్థుడైన' అని రాసుకుని మదనపల్లెలోని కేబుల్ ఆఫీసుకు వెళ్లాడు. వెంట వెళ్లిన ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టించి, తానే కెమెరా ముందు కూర్చున్నారు.

"నా బిడ్డకు జబ్బేమీ లేదు. ఫెయిలయినాడని మూడు దినాలు వాడితో మాట్లాడలేదు నేను. మీరు అట్ల చేయొద్దండమ్మా" అన్నారు. అంతే. అది మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చింది.

ఊరు ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. "కొడుకు పోయి పదకొండు దినాలు కాలే, టీవీకెక్కింది సూడు" అన్నారు. చచ్చినవాడి పరువు తీసిందన్నారు. నేనూ తక్కువ తినలేదు. "ఏడుపును అంగట్లో పెట్టినట్టుండాది" అని స్టాఫ్ రూములో అన్నాను. ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు. రిజిస్టరు తీసుకుని క్లాసుకు వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఏటా ఫలితాల రోజున, తప్పిన పిల్లల ఇళ్లన్నీ తిరిగేవారు. కొందరు తలుపు తీసేవారు కాదు.

ఒక ఏడు ఆ ఇళ్లలో మాదీ ఒకటైంది. మా పాప పదో తరగతి తప్పింది. మధ్యాహ్నం రెడ్డెమ్మ గారు వచ్చి కూర్చున్నారు.

"ఏమప్పా, పాపతో మాట్లాడినావా?"

"లేదు టీచర్. మాట్లాడేదానికి ఏముండాది?"

"నేనూ అట్లే అనుకొంటి. నాలుగో దినం మాట్లాడదామంటే వాడు లేడు."

పాప గదిలోకి వెళ్లాను. ఏమనాలో తెలియక, అన్నం తిన్నావా అని అడిగాను. అది భోరుమంది. బయటికి వచ్చేసరికి ఆవిడ లేరు, ఇంకో ఇంటికి వెళ్లిపోయారు. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ పూట ఏ ఆలోచనలో ఉందో నాతో ఈమధ్యనే చెప్పింది. విని సిగ్గుపడ్డాను, భయపడ్డాను.

ఆనాటి మాటకు మన్నించమని ఆవిడను ఏ రోజైనా అడిగి ఉండవచ్చు. రేపు మాపు అనుకుంటూ అడగలేదు. ఈసారి ఫలితాలు వస్తే ఆ ఇళ్లకు వెళ్లేవారు పుంగనూరులో లేరు. ఆ లోటు తీరేది కాదు.

ఇది రాస్తుంటే, ఇంటి సంగతి పత్రికలో ఎందుకని మా ఆవిడ అడిగింది. రెడ్డెమ్మ గారు ఇంటి సంగతి చెప్పుకోబట్టే మన పాప మనకుంది అన్నాను. అనేవాళ్లు అననీ. ఆ తల్లికి నా నమస్కారం. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడే పెట్టవలసింది.