పాముచెవుల మేస్త్రి

రేకు పెట్టెల కొట్టు పెద్దమేస్త్రికి తన చేతి పని మీద ఎంత గర్వమో, చెవుల మీద అంతకు రెట్టింపు. "నావి పాము చెవులు" అనేవాడు. పాముకి అసలు చెవులే కనపడవని కూతురు బడిలో చదువుకొచ్చి చెప్పినా ఆ మాట మానలేదు. రేకు మీద సుత్తితో బాదుతూ బతుకంతా గడిపిన మనిషి చెవుల గురించి గొప్పలు పోవడమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే ఊరుకునే మనిషా?

ఆ చెవులకు ఆయన అప్పజెప్పిన పని నాటకాలు వినడం. చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్లో కూర్చుని బొమ్మల కథలన్నీ నమిలేసినవాడు. వాటిలో 'నల్లగుర్రపు రౌతు' అంటే ప్రాణం. ముఖానికి గుడ్డ చుట్టుకుని, గుర్రమెక్కి, కోటలో కుట్రలు బయటపెట్టే వీరుడి కథ అది. తర్వాత ఎవరో దాన్ని గొంతులతో, డెక్కల చప్పుళ్ళతో వినే నాటకంగా చేస్తే, ఆ క్యాసెట్టు అరిగి చచ్చేదాకా విన్నాడు. క్యాసెట్ల కాలం పోయాక కూతురు దాన్ని ఎక్కడో పట్టుకుని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. దాంతోపాటు సముద్ర వర్తకుల కథలూ, రాజుల కథలూ. ఆయన ఒక స్పీకరు కొన్నాడు. దాని ప్లాస్టిక్ డొప్ప నచ్చక ఊడబెరికి, తన చేత్తో రేకు పెట్టె చేసి అందులో బిగించాడు. ఆ పెట్టెలో మహారాణి ఏడ్చినా డబ్బాలో మేకులు పోసి ఊపినట్టే ఉండేది. ఆ మాట అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆదివారం భోజనాలయ్యాక అందరూ ఆ పెట్టె ముందు కూర్చోవలసిందే. అందరూ అంటే భార్య, కూతురు, తమ్ముడు. తమ్ముణ్ణి చిన్నమేస్త్రి అంటారు. పెళ్ళీ పెటాకులూ లేవు, పక్క గదిలో ఉంటాడు, అన్న దగ్గరే పని నేర్చుకుని అన్న కొట్లోనే సుత్తి పట్టాడు.

ఈ నాటకాలతో ఒక చిక్కుంది. వాటిలో గొంతు తగ్గించి మాట్లాడేవాడు ఎవడూ మంచివాడు కాడు. మంత్రి రాజు ముందు గట్టిగా పొగుడుతాడు, తలుపు వెనక మెల్లగా విషం కక్కుతాడు. రౌతు గుర్రానికి ఏళ్ళ తరబడి గడ్డి వేసిన సేవకుడే శత్రువుకి దొడ్డిదారి చూపిస్తాడు. వినగా వినగా పెద్దమేస్త్రికి ఒక నమ్మకం కుదిరిపోయింది. గుసగుసలాడేవాడు కడుపులో కత్తి పెట్టుకుంటాడు, వాడు ఎప్పుడూ మన పక్కనే ఉంటాడు.

అలాంటి మనిషి ఇంట్లో ఉన్నట్టుండి అందరూ మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు.

మొదట భార్య. వంటింట్లోంచి ఏదో అంటుంది, గొణుగుడు తప్ప ఏమీ తెలియదు. గట్టిగా చెప్పమంటే దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి, పసివాడికి చెప్పినట్టు ఒత్తి ఒత్తి చెబుతుంది. కూతురు ఫోను పట్టుకుని గోడవైపు తిరుగుతుంది. వదినా మరిదీ వంటింటి గుమ్మం దగ్గర పెదాలు కదుపుతూ ఉంటారు, ఈయన కనపడగానే ఆపేస్తారు.

"ఏంటి మీలో మీరు?" అన్నాడు ఒకరోజు.

"ఏం లేదండీ. పంచదార అయిపోయిందని చెప్తున్నా" అంది భార్య.

పంచదార గురించి గుసగుసలేమిటి? ఆవిడ పెరట్లోకి వెళ్ళగానే డబ్బా మూత తీసి చూశాడు. నిండుగా ఉంది. మూత పెట్టేశాడు కానీ మనసు మూతపడలేదు.

కొట్లో సంగతి ఇంకా కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. గిరాకీ వచ్చి ఈయనతో మాట్లాడుతుంటే తమ్ముడు మధ్యలో దూరతాడు. "గొళ్ళెం ఎడమవైపు కావాలంట అన్నయ్యా!" అని అరుస్తాడు. "మూత కింద ఇంకో అర పెట్టమంటున్నారన్నయ్యా!" అని కేక పెడతాడు. వచ్చినవాళ్ళు కూడా మెల్లమెల్లగా చిన్నవాడి వైపే తిరిగి చెప్పడం అలవాటు చేసుకున్నారు.

"ఆయన నాతో చెప్పాడు. మధ్యలో నువ్వెవడివిరా?"

తమ్ముడు తలవంచుకుని రేకు కత్తిరించుకునేవాడు. మళ్ళీ ఇంకో గిరాకీ, మళ్ళీ అదే కేక.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వీడితో" అని పెద్దమేస్త్రి ఇంటికొచ్చి విసుక్కునేవాడు. ఆ మాటకి భార్య ఎందుకు తల పక్కకి తిప్పుకునేదో ఆయనకి అర్థమయ్యేది కాదు. అది కూడా లెక్కలో వేసుకున్నాడు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. దానికి రోజూ తిండి కావాలి, దొరకకపోతే అదే వెతుక్కుంటుంది. ఒక మధ్యాహ్నం పెట్టె ఒకటి అప్పజెప్పి వస్తుంటే, ఒక మేడలోంచి తమ్ముడూ కూతురూ దిగి రావడం చూశాడు. గుమ్మం పక్కన వకీలు బోర్డు ఉంది. పై అంతస్తుకి ఇంకో బోర్డు కూడా ఉంది కానీ, అనుమానానికి తలెత్తి చూసే ఓపిక ఎక్కడిది? చాటుకి తప్పుకున్నాడు. సాయంత్రం కొట్లో ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"మధ్యాహ్నం ఎటు పోయావు?"

"రివిట్ల కోసం అన్నయ్యా. దొరకలేదు."

ఇంకేం కావాలి? కొట్టు కాగితాలు రాయించుకుంటున్నారు. అన్నం పెట్టే చెయ్యీ, కన్న కూతురూ, ఎత్తుకు పెంచిన తమ్ముడూ ఒక్కటయ్యారు. గుర్రానికి గడ్డి వేసేవాడు దొరికాడు. పెద్దమేస్త్రికి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది, అది దిగమింగితే కోపమైంది.

ఆ ఆదివారం కూతురు మెరిసే మొహంతో వచ్చింది. "నాన్నా, రౌతు కథ రెండో భాగం వచ్చింది! కొత్తవాళ్ళు చేశారు" అంది చెవి దగ్గర వంగి.

ఎంత అనుమానమున్నా రౌతు రౌతే. పెద్దమేస్త్రి మఠం వేసుకుని కూర్చున్నాడు. తమ్ముడు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. డెక్కల చప్పుడు దడదడమంటూ వచ్చింది. ఆ తర్వాత గొంతులు మొదలయ్యాయి. ఒక్క మాటా తెలియడం లేదు. అందరూ నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడుతున్నట్టుంది. ముందుకు జరిగాడు, ఇంకా జరిగాడు. కూతురు కళ్ళు పెద్దవి చేసి వింటోంది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు పకపకా నవ్వాడు. అంటే వాళ్ళకి తెలుస్తోంది. ఈయనకే తెలియడం లేదు.

"పెట్టెని ఏం చేశావురా?" అని లేచాడు.

తమ్ముడు బిత్తరపోయాడు. "ఏం చేయలేదన్నయ్యా."

"నా పెట్టె పాడుచేశావు. నా గిరాకీల్ని నీ వైపు తిప్పుకున్నావు. ఇప్పుడు వకీలు చుట్టూ తిరుగుతున్నావు. రివిట్లు వకీలు అమ్ముతున్నాడా? రేపట్నించి నా కొట్లో అడుగుపెట్టొద్దు. నీ సుత్తి, నీ కత్తెర తీసుకుపో. వేరుపడదాం!"

తమ్ముడు తలవంచుకుని ఏదో అన్నాడు. అదీ గొణుగుడే. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

భార్య ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి గట్టిగా చెప్పింది. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "వకీలు కాదండీ. ఆ మేడ మీద చెవుల డాక్టరున్నాడు. మిమ్మల్ని ఎలా తీసుకురావాలో అడగడానికెళ్ళారు. మీకు సరిగ్గా వినపడటం లేదు. చెప్తే ఇల్లు పీకి పందిరేస్తారని భయపడి చచ్చాం ఇన్నాళ్ళూ."

"నాకు వినపడటం లేదా? నాకు!" పెద్దమేస్త్రి నవ్వాడు. "పాత రౌతుని పెట్టు. ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్తా. అప్పుడు తేలుతుంది, తేడా నా చెవుల్లో ఉందో మీ మనసుల్లో ఉందో."

కూతురు పాతది గుచ్చింది. భార్య పెట్టె పక్కన కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు.

"ఇదిగో, గాలి. కోట తలుపు కిర్రుమంది చూశారా? ఇక డెక్కలు." తొడ మీద చేత్తో తాళం వేశాడు. "ఇప్పుడు విదూషకుడు పడతాడు... పడ్డాడు!" పగలబడి నవ్వాడు. "ష్! మంత్రి వస్తున్నాడు. వినండి, ఎంత మెల్లగా అంటాడో. 'గడ్డి వేసే చెయ్యి మనదే, ప్రభూ.' విన్నారా? అంత మెల్లటి మాట కూడా స్పష్టంగా వినపడుతోంది నాకు. మహారాణి ఏడుస్తోంది ఇప్పుడు."

కళ్ళు తెరిచాడు. ఏడుస్తున్నది కూతురు.

"నువ్వెందుకే ఏడుస్తావు?"

భార్య ఆయన కుడిచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి రేకు పెట్టె మీద ఆనించింది. ఆ పెట్టె మోగుతున్నంతసేపూ సన్నగా అదురుతుంది. రేకు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ సొట్టపడిందో కళ్ళు మూసుకుని చెప్పగల చెయ్యి అది. ఆయనతో ఒక్కనాడూ అబద్ధమాడలేదు.

పెట్టె కదలడం లేదు. చల్లగా, చచ్చినట్టుగా ఉంది.

"ఎప్పుడు ఆపావు?" అన్నాడు. తన గొంతు తనకే సరిగ్గా వినపడలేదని అప్పుడు తెలిసింది.

ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "డెక్కల చప్పుడు రాకముందే."

మరి తాను విన్నదేమిటి? డెక్కలు, నవ్వులు, మంత్రి గుసగుస, మహారాణి ఏడుపు, అన్నీ ఏళ్ళనాటివి, తలలో మిగిలినవి. ఇంతకాలం పెట్టెలో నాటకం తనకి వినపడుతోందనుకున్నాడు. తానే పెట్టెకి వినిపిస్తున్నాడు. పెద్దమేస్త్రికి భయమేసింది, సిగ్గేసింది. అరచెయ్యి రేకు మీద నుంచి తీయలేకపోయాడు.

అప్పుడు ఇంకో మాట గుర్తొచ్చింది. 'గొళ్ళెం ఎడమవైపు కావాలంట అన్నయ్యా!' ఆ కేక గిరాకీని తిప్పుకోవడానికి పెట్టింది కాదు. గిరాకీ చెప్పిన మాటే గిరాకీకి మళ్ళీ చెప్పడమెందుకు? అది అన్నకి పెట్టిన కేక. తిట్టినా, అందరి ముందూ పరువు తీసినా, ఇన్నాళ్ళూ వాడు అలా అరుస్తూనే ఉన్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి నడిచాడు. తలుపు సగం తెరిచి ఉంది. తమ్ముడు తన సుత్తీ కత్తెరా సంచిలో సర్దుకుంటున్నాడు. అన్నని చూసి లేచి నిలబడ్డాడు. పెద్దమేస్త్రి నోరు తెరిచాడు.  క్షమించమని తమ్ముణ్ణి అడగడం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

ఇంతలో తలుపు తెరిచి ఉండటం చూసి ఒకావిడ బకెట్టు పట్టుకుని వచ్చింది. దాన్ని తిప్పి చూపిస్తూ పెద్దమేస్త్రితో ఏదో చెప్పింది. ఆయన ఆవిడ పెదాలవైపు చూశాడు. తమ్ముడు నోరు మెదపలేదు, సంచి తాడు బిగించుకుంటున్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఇదివరకైతే పెద్దమేస్త్రి విన్నట్టు తల ఊపి, నోటికొచ్చిన జవాబు ఏదో చెప్పేసేవాడు.

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏమంటున్నార్రా?" అన్నాడు.

తమ్ముడు అన్న మొహంలోకి చూశాడు. తర్వాత సంచి కింద పెట్టాడు.

"అడుగున కారుతోందంట అన్నయ్యా! సాయంత్రానికల్లా మాటు వేసివ్వమంటున్నారు!" అని వీధి చివరికి వినపడేలా అరిచాడు.

"సరే, ఇటివ్వమను" అన్నాడు పెద్దమేస్త్రి.