పుష్పమ్మ నీరు వృథా చేసిన నెల

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ ఊరి చుట్టూ కనుచూపుమేర నీరే అయినా, వాడకానికి పనికివచ్చేది కుళాయి నీరొక్కటే. ఏలూరు హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంటచేసి వచ్చిన పుష్పమ్మ ఆ నీటిని దైవప్రసాదంగా చూసుకొనేది. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తోమేది. ఆ నీళ్లు బీరపాదుకు పోసేది. బైబిల్లో, అరణ్యంలో బండ చీలి నీరు వెలువడిన ఘట్టం చదివిన ప్రతిసారీ, కింద ఎవరైనా పాత్ర పెట్టారో లేదోనని ఆమెకు దిగులు.

కుడి మణికట్టు విరిగి అతికిన నాటినుండి మాత్రం తడి దుప్పటి పిండడం ఆమె వశం కాలేదు. తక్కువ నీటితో ఉతికే వాషింగ్ మెషీన్‌కు ప్రభుత్వం రాయితీ ఇస్తుందని విని, గంపెడాశతో దరఖాస్తు పెట్టింది.

పరిశీలనకు వచ్చిన ఉద్యోగి గోపీనాథ్ నీటి మీటరు చూసి నీరుగారిపోయాడు. మెషీన్ వల్ల నెలకు ఎంత నీరు ఆదా కావాలని నిబంధన ఉందో, ఆ ఇంటి మొత్తం వాడకమే అంత లేదు.

“మీరు ఆదా చేయడానికి ఇంకేమీ మిగల్లేదండీ. ఒక్క నెల కాస్త వృథా చేయండి, మళ్లీ వచ్చి చూస్తాను.”

మరునాడు పుష్పమ్మ దేవుణ్ణి ముందుగానే క్షమాపణ వేడుకొని కుళాయి విప్పింది. నీరు నేలను తాకకముందే ఆమె చెయ్యి దానంతటదే బిందె పెట్టింది. పక్కింటి కృపావరం నవ్వి, “పారబోయడం కూడా రాదేంటి వదినా? ఇలా ఇవ్వు,” అంటూ బిందె ఎత్తుకెళ్లి తన తొట్టిలో పోసుకొంది. వారం తిరిగేసరికి వీధి వీధంతా బిందెలతో వరుసకట్టింది. మీటరు పరుగులు తీసింది. మురుగుకాలువ మాత్రం ఎండిపోయే ఉంది.

నెల నిండాక గోపీనాథ్ మీటరు చూసి పొంగిపోయి, ఇన్ని నీళ్లు ఏం చేశారని అడిగాడు. అబద్ధమాడనేరని పుష్పమ్మ నలభైమంది పేర్లూ చెప్పింది. అతడు లెక్కకట్టి తల పట్టుకొన్నాడు.

“తలసరి వాడకం మునుపటికన్నా తగ్గిందండీ. మెషీన్ రాదు. కావాలంటే ప్రశంసాపత్రానికి సిఫారసు చేస్తాను.”

“అది దుప్పటి పిండుతుందా బాబూ?”

గోపీనాథ్ ఫైలు అరుగుమీద పెట్టి, తొట్టిలో నానుతున్న దుప్పటి ఒక కొస ఆమెకిచ్చి, రెండో కొస పట్టుకొన్నాడు. ఆమె చెయ్యి ఎటు తిరిగితే, దుప్పటిని అతడూ అటే తిప్పాడు. దుప్పటి గిరగిరా తిరిగిందే తప్ప చుక్క రాలలేదు.

“ఎదురు తిప్పాలండీ,” అంది పుష్పమ్మ.