పీకనక్కర్లేని స్తంభాలు

సెంట్రింగ్ మేస్త్రి వృత్తిధర్మం ఒకటే: తాను కట్టింది తానే పీకేయాలి. స్లాబు పోసేదాకా చెక్కలదే రాజ్యం. సిమెంటు గట్టిపడ్డాక వాటిని ఊడబీకి లారీకెత్తుతారు. మా మేస్త్రి ఆ విధంగా సగం పట్టణాన్ని నిలబెట్టాడు. అందులో ఆయనదంటూ ఒక్క మేకు కూడా మిగల్లేదు.

ఈ సత్యాన్ని భార్య ఆయనకు మరపురానిచ్చేది కాదు. బస్సులోంచి ఏ మేడ కనిపించినా "అదీ నేనే" అనేవాడు.

"ఏదీ, ఎక్కడ? సున్నం కనిపిస్తోంది గానీ నువ్వు కనిపించట్లేదే!" అనేది. వెనక సీటువాళ్లు నవ్వేవాళ్లు.

ఇంతలో ఊరిబయట పెద్ద సరుకుల దుకాణమొకటి పూర్తిగా కలపతో లేవబోతోందని తెలిసింది. పలకలు అతికించి చేసిన స్తంభాలే పైకప్పును మోస్తాయట. నరికిన చెట్టుకు బదులు చెట్టు నాటుతారట. భూగోళానికి మహా మేలట. మేస్త్రి పనిలో చేరాడు, భూగోళం కోసం కాదు.

"ఈసారి పీకడాల్లేవే," అన్నాడు ఇంటికొచ్చి. "తెరిచిన రోజు తీసుకెళ్తా. చేత్తో తడిమి చూద్దువు గాని."

"చూద్దాంలే. ముందు నిలబడనీ."

నిలబడ్డాయి. కప్పు పడకముందే మబ్బు పట్టింది. "మేస్త్రీ, కలప తడవకుండా చూడు!" అని కేకేసి సూపర్‌వైజరు కారెక్కాడు. టార్పాలిన్ పట్టాలు కప్పమని ఆయన భావం. మేస్త్రి చేతులకు మాత్రం చెక్కను కాపాడే దారి ఒక్కటే తెలుసు: పాత ఇంజనాయిలు. సిమెంటు అంటకుండా సెంట్రింగ్ చెక్కలకు జన్మంతా పూసింది అదే. ముందువరస స్తంభాలకు, పసిపిల్లకు నూనె రాసినంత శ్రద్ధగా పట్టించాడు.

తెల్లారేసరికి తేనెరంగు స్తంభాలు మెకానిక్ షెడ్డు నేలలా తయారయ్యాయి. సబ్బుతో కడిగారు, చిత్రిక పట్టారు. నూనె లోపలికే దిగింది. ఆర్కిటెక్టు వచ్చి తీర్పు చెప్పాడు. అన్నీ ఒకేలా ఉండాలని, మచ్చపడ్డవాటికీ పడనివాటికీ కలిపి, చెక్కచారలు అచ్చేసిన ప్లాస్టిక్ షీటు చుట్టేశారు.

ప్రారంభం నాడు భార్యను తీసుకెళ్లక తప్పలేదు. గుమ్మం మీద 'ప్రతి స్తంభమూ అసలైన కలప' అని బోర్డు వేలాడుతోంది. అబద్ధమేమీ కాదు. ఆమె మొదటి స్తంభాన్ని తడిమింది, గోటితో గీకింది. షీటు కొస లేచింది. కింద నల్లటి మరక.

"లోపలున్నది నీదేనా?"

"నాదే."

వెక్కిరింత కోసం ఆయన నిలబడ్డాడు. ఆమె లేచిన కొసను బొటనవేలితో నొక్కి, ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూసి, మళ్లీ నొక్కింది.

"పద, సబ్బులెక్కడున్నాయో చూద్దాం," అంది.