హర్షెల్ బావ మెత్తని తూటాలు

కోళ్ల కంపెనీ మనిషితో హర్షెల్ గెలిచిన తగువు మాడీన్ కళ్లారా చూసింది. ఓడిపోయినా బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆ గెలుపే ముసలాడి నెత్తికెక్కి కూర్చుంది మరి.

ఆ ఏడు మాడీన్ కోళ్ల షెడ్ల మీద అడవిపందులు పడ్డాయి. నీళ్ల పైపులు పెళ్లగించాయి, గోడల కింద గోతులు తవ్వి పోశాయి. కంపెనీ తరఫున వచ్చే ట్రెంట్ అనే కుర్రాడు అదంతా చూసి, పందుల పీడ వదిలించుకోకపోతే ఇప్పుడున్న కోళ్లని ఎత్తేశాక కొత్త కోడిపిల్లల్ని దించేది లేదన్నాడు. పోనీ కాల్చేద్దామా అంటే అదీ వద్దన్నాడు. తుపాకి పేలితే కోళ్లు బెదిరి ఓ మూలకి పరిగెత్తి, ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయట. ముప్పై ఏళ్లుగా కోళ్లు పెంచుతున్న మనిషికి చెప్తున్నాడు.

"పందులు పోవాలి, చప్పుడు కాకూడదు. అయితే బైబిలు చదివి పంపించమంటావా నాయనా?" అంది మాడీన్.

చనిపోయిన ఆమె అక్క ఈలా మే మొగుడే హర్షెల్. కంచెకి ఆనుకుని నిలబడి ఆకువక్కలా పొగాకు నములుతున్నవాడు తుపుక్కున ఉమ్మాడు. "అబ్బాయ్, ఓ కుర్చీ తీసుకెళ్లి కోళ్ల మధ్యన కూర్చో. నేను గోడవతల కాలుస్తా. ఒక్క కోడి మెడెత్తినా నా టోపీ నేనే నమిలి మింగుతా."

"అది రైఫిలు తాతా, ఉండేలు కాదు."

"కూర్చోవయ్యా!"

కూర్చున్నాడు. హర్షెల్ సొంతంగా చేసుకున్న తూటా పెట్టి, తుపాకి మూతికి చప్పుడు అణిచే సైలెన్సర్ బిగించి మట్టికట్టలోకి కాల్చాడు. లోపల కోళ్లు మేత మేస్తూనే ఉన్నాయి. కాసేపటికి ట్రెంట్ బయటికొచ్చి విసుక్కున్నాడు. "ఇంకెప్పుడు కాలుస్తావు తాతా? నాకవతల పనుంది."

మాడీన్ కడుపు పట్టుకుని నవ్వింది. అదే ఆఖరి నవ్వు.

ఎందుకంటే మామూలు తూటా చప్పుడుకంటే ముందు పరిగెడుతుంది, గాలి కొరడాలా ఛెళ్లుమంటుంది. హర్షెల్ చేసేవి మెత్తని తూటాలు. తుపాకి మందు తక్కువ, గుండు బరువు, నడక నిదానం. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయన తుపాకి ఒక దెబ్బ బలంతో ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, రెండో తూటాని తనంతట తనే మింగే రకం. మెత్తని తూటాకి ఆ విసిరే బలం ఎక్కడిది? మొదటిది పేలేది, ఖాళీ గొట్టం లోపలే ఇరుక్కునేది. హర్షెల్ గడియ చేత్తో లాగి, గొట్టాన్ని పీకి, రెండోది ఎక్కించేలోగా పందులు పిల్లాజెల్లాతో సహా వాగు దాటేసేవి.

"చేత్తో గడియ తిప్పే తుపాకి నీ గోడకే వేలాడుతోంది కద బావా. అది తే."

"దాంతో ఒకటి పడుతుంది. మిగతావి రేపొస్తాయి. ఇది దారికొస్తే మందంతా పడుతుంది."

"పోనీ తూటాలు షాపులో కొను."

"షాపు తూటాకీ షాపు రొట్టెకీ తేడా లేదు పిల్లా. రెండూ తినేవాడి మొహం చూడనివాడు చేసినవే."

డెబ్భై దాటినా ఆమె ఆయనకి పిల్లే. రోజూ పొద్దున హర్షెల్ పని ఒకటే: గారేజీలో బల్ల ముందు కూర్చోవడం, మందు కాస్త పెంచడం, కాస్త తగ్గించడం, గొణుక్కోవడం. ఒక సాయంత్రం పెంచింది మితిమీరి తూటా ఛెళ్లుమంది. మర్నాడు మాడీన్ మూలన పడి చచ్చిన కోళ్లని బకెట్లతో మోసుకుంటూ, అక్క బతికుండగా ఈ మనిషిని ఎలా భరించిందో దేవుడికే తెలియాలని తిట్టుకుంది. ఆయన మాత్రం, "అంటే కాస్త తగ్గించాలన్నమాట" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మాటవరసకి కాదు, నిజంగానే చెవుడు. వినికిడి మిషన్ ఎప్పుడూ సొరుగులోనే ఉంటుంది. పందుల అలికిడి చెప్పడానికి సాయంత్రాలు మాడీనే పక్కన కూర్చోవాల్సి వచ్చేది.

ట్రెంట్ మళ్లీ చూడ్డానికొచ్చే వారం అది. పొద్దు వాలుతుండగా పందులు పైన్ చెట్లలోంచి దిగాయి. మాడీన్ మోచేత్తో పొడిచింది. హర్షెల్ గురి చూసి మీట నొక్కాడు.

టప్ మంది.

ఎప్పటిలా ఖాళీ గొట్టం బయటికి రాలేదు. ఎప్పటిలాగే హర్షెల్ గడియ లాగి, దాన్ని పీకి, రెండోది ఎక్కించి మళ్లీ భుజానికి ఆనించాడు. రోజూ చేసే పనే, ఆలోచన అక్కర్లేదు. కానీ మాడీన్‌కి ఏదో తేడా వినబడింది. రోజూ వచ్చే దమ్ము లేదు ఆ చప్పుడులో. అవతల పంది కదల్లేదు, మట్టి లేవలేదు, ఆకు రాలలేదు.

తుపాకి మీద చెయ్యేసి కిందికి నొక్కేసింది.

"ఏమే, మతిపోయిందా? నిలబడున్నాయి చూడు!"

"గుండు ఎక్కడికి పోయింది బావా?"

"ఎక్కడికి పోతుంది? బయటికే!"

"బయటికి పోతే ఎక్కడో తగలాలిగా? దించు దాన్ని. దించుతావా, కారు హారను కొట్టి కోళ్లన్నిట్నీ చంపమంటావా?"

ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు. గారేజీలో తుపాకిలోని తూటాలన్నీ తీసి, మూతిలోంచి ఇనుప కడ్డీ దించాడు. సగంలో ఆగిపోయింది. మళ్లీ దించాడు. మళ్లీ అక్కడే. ఆ తూటాలో మందే లేదు. అడుగున మందుని రాజేసే చిన్న మిణుకు మాత్రం పేలి, గుండుని తుపాకి గొట్టం మధ్య వరకే నెట్టి వదిలేసింది. దాని వెనక రెండోది పేలి ఉంటే, ఆ ఉక్కు చీలి ఆయన మొహం మీదికే వచ్చేది. ఆయనకి చెప్పనక్కర్లేదు, యాభై ఏళ్లుగా ఎదుటివాళ్లకి ఆ మాట చెప్తున్నవాడే.

మాడీన్ తిట్లు సిద్ధం చేసుకుంది. ఆయన మొహం చూసి మింగేసుకుంది.

"తుపాకి ముసలిదైంది" అన్నాడు, కడ్డీ పక్కన పెట్టి.

"ఊఁ, తుపాకే!"

పొద్దున్నే మొక్కజొన్న రొట్టె, కాఫీ పట్టుకుని వెళ్లింది. రాత్రే గుండు బయటికి తీసినట్టున్నాడు, బల్ల మీద మెరుస్తోంది. నిన్నటి తూటాలన్నీ విప్పి గిన్నెలో పోశాడు. చిల్లులున్న చెక్కపలకలో కొత్త ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టి, మందు పోసి ఉన్నాయి. ఒక్కదానికీ గుండు బిగించలేదు. కిటికీ వైపు పలకని వంచి చూస్తున్నాడు, దీపం దగ్గరికి జరిపి చూస్తున్నాడు, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి చూస్తున్నాడు.

"ఈ సాయంత్రమైనా కాలుస్తావా, లేక పందుల్ని కంపెనీవాడికే అప్పగించనా?" అంది మాడీన్, రొట్టె బల్ల మీద పెడుతూ.

ఆయన తల తిప్పలేదు. ఆ బల్ల మీద పెళ్లాన్ని కూడా చెయ్యి వెయ్యనివ్వని మనిషి, పక్కనున్న స్టూలుని కాలితో ఆమె వైపు తోశాడు.

"కాలుస్తాను గానీ మాడీన్, ముందు నువ్విలా కూర్చో. వీటిల్లోకి ఒక్కొక్కదాన్లోకి తొంగి చూసి, మందుందో లేదో చెప్పు. నువ్వు ఉందన్నాకే గుండు బిగిస్తా."