పళ్ళ అచ్చులు చూసి ఒప్పుకున్న సీటు

ముందు గుర్రుమనే మోత వినిపించింది, ఇనప డబ్బాలో చిక్కిన తుమ్మెద పాట మానలేకపోతున్నట్టు. ఆ తర్వాతే ఆమె కనిపించింది. మోచేతుల దాకా ప్లాస్టర్ పిండి. అదిరే బల్ల మీద అచ్చు ఆనించి, తడిపిండిలో దాక్కున్న గాలిబుడగల్ని ఒక్కొక్కటిగా పైకి రప్పిస్తోంది.

వాళ్ళ నాన్న కట్టుడు పళ్ళు చేస్తాడు. ఊళ్ళోని రెండు దంత కాలేజీలూ రోగుల చిగుళ్ళ అచ్చుల్ని ఈ రెండు గదులకే పంపుతాయి. చిన్నప్పటి నుంచీ వాటిలో పిండి పోసేది ఆమే కాబట్టి పనివాళ్ళు పిండిబొమ్మ అని పేరు పెట్టారు. పేర్లు తెలియని నోళ్ళు అరల నిండా తెల్లగా తెరుచుకుని ఉంటే, వాటి మధ్య కూర్చుని చదువుకుంది. దవడ సగం పోయినవాళ్ళకి కూడా పళ్ళు కట్టగల స్పెషలిస్టు కావాలని ఆమె పట్టు.

రెండు కాలేజీల్లోనూ సీటొచ్చింది. సాయంత్రం ఐదులోపు ఏదో ఒకటి ఒప్పుకుని సంతకం పెట్టాలి.

పెద్ద కాలేజీ రిసెప్షన్‌లో పనిచేసే మేనత్త పొద్దున్నే దిగింది.

"ఇంకా ఆలోచనేంటే? మా దగ్గర స్పెషలిస్టు కోర్సులన్నీ ఉన్నాయి. ఒకసారి లోపల పడ్డావంటే అందరూ తెలిసినవాళ్ళే అవుతారు. ఆ పాత కాలేజీలో ఏముంది? కుర్చీ వాలిస్తే మళ్ళీ లేవదు!"

"మంచిదేగా అత్తా, రోగి పారిపోడు."

"వెటకారానికేం తక్కువ లేదు. అన్నయ్యా, నువ్వైనా చెప్పు."

నాన్న ఇరవై ఏళ్ళుగా ఆ పెద్ద కాలేజీ వెనక గేటులోంచి పళ్ళ పెట్టె మోసుకెళ్తున్నవాడు. కూతురు ముందువైపు గాజు తలుపుల్లోంచి నడవాలని ఆయన ఆశ. "అత్త చెప్పేది నిజమే కదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఆమె బల్ల ఆపింది. రెండు ట్రేలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇవి పెద్ద కాలేజీవి నాన్నా. ఎముక అరిగిన నోళ్ళు, ఒక్క పన్నూ లేని నోళ్ళు. చీటీల మీద సంతకాలెవరివి?"

నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. "స్పెషలిస్టు కోర్సు వాళ్ళవి."

"కింది క్లాసుల వాళ్ళవి?"

"ఒకటీ అరా. తేలికవి."

"ఇవి పాత కాలేజీవి. అక్కడ ఆ కోర్సులే లేవు. ఎంత కష్టమైన నోరొచ్చినా మేష్టారు పక్కన నిలబడతారు, స్టూడెంటే చెయ్యి పెడతాడు. వాళ్ళలో నలభై ఒకటో నంబరు స్టూడెంటు గుర్తున్నాడా?"

"లేకేం! నాలుగుసార్లు తిప్పి పంపాను. అచ్చు తీశాడా, బురదలో కాలేశాడా అని తిట్టాను కూడా."

"ఇది నిన్న అతను పంపింది."

నాన్న దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. పెదవిని చిగుళ్ళకి కలిపే సన్నని పొర మడత కూడా ఆ వెలుగులో ఊపిరి తీసుకుంటున్నట్టుంది. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"అక్కడ ఆఖరి ఏడాది చదివే ఒక అక్కనడిగా, ఎన్ని పళ్ళ సెట్లు కట్టావని. పన్నెండు, మొదటి మూడింటి సంగతి మాత్రం అడక్కు అంది. పెద్ద కాలేజీలో అడిగితే ఒకటి కట్టాం, మిగతావి వెనక నిలబడి చూశాం అన్నారు."

"రేపు స్పెషలిస్టు సీటు కోసం మా గుమ్మంలోనే బయటిపిల్లలా లైన్లో నిలబడతావే!" అంది అత్త.

"నిలబడతా. పని తెలిసిన చేతులతో నిలబడతా."

"పొగరు!"

"అవును."

"ఆ గాజు తలుపులు..." అని నాన్న ఏదో అనబోయాడు.

"నువ్వు తలుపు చూస్తున్నావు నాన్నా. నేను నోరు చూస్తున్నా."

ఆయన చేతిలోని అచ్చుని బల్ల మీద పెట్టాడు. తర్వాత కాగితం ఆమె ముందుకి జరిపాడు. "సంతకం పెట్టే ముందు చేతులన్నా కడుక్కో."

ఆమె కడుక్కోలేదు. పాత కాలేజీ కాగితం మూల తెల్లటి వేలిముద్ర పడింది.

అత్త సంచీ విసురుగా భుజానికి తగిలించుకుని గుమ్మం దాటి, మళ్ళీ తొంగిచూసింది. "కుర్చీ విరిగితే ఫోన్ చెయ్యి. మా దగ్గర బాగున్నవే పారేస్తున్నారు."

ఆ వారమే ఆమె గురించి రాయడానికి పత్రిక నుంచి వెళ్ళినవాళ్ళని వీధి దాకా సాగనంపుతూ, ఆఖరుగా ఆమె అన్న మాటలివి:

"స్పెషలిస్టునయ్యాక రాస్తే ఎంత తెలివైన పిల్లో అంటారు. కాలేకపోతే చెప్పినమాట వినలేదంటారు. రెండూ నాకొద్దు. ఏదీ తేలకముందే, ఇప్పుడే రాసుకోండి."